విజిల్ ఎవరి చేతిలో పెడుతున్నాం?

పెండ్లికి వంటమాస్టరును మాట్లాడుకునే ముందు నలుగురిని అడుగుతాం. ఎవరింట్లో వండిండు, ఎంతమందికి వండిండు, చివరి బంతి దాకా కూర సరిపోయిందా అని ఆరా తీస్తాం. ట్రాక్టరు డ్రైవరును పెట్టుకుంటే నాలుగు సాళ్లు దున్నించి చూస్తాం. బోరు పాయింటు చూసే మనిషిని పిలిచే ముందు కూడా ఆయన చూపిన చోట ఎన్ని బోర్లలో నీళ్లు పడ్డాయో లెక్క తీస్తాం. మన పిల్లల్ని తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తించే మనిషి సంగతి మాత్రం వేరు. పక్క జిల్లాల టోర్నమెంటుకు బస్సులో వెంట తీసుకుపోయేదీ, వాళ్ల కాళ్లకు చేతులకు జవాబుదారీ కావలసిందీ ఆయనే. ఆయన్ను ఎవరు ఎంపిక చేశారు, ఏం చూసి ఎంపిక చేశారు అని మనం ఏనాడూ అడగలేదు. అడగాలనే సోయి కూడా లేదు. డ్రిల్ సారే గదా అనుకున్నాం.

ఆ నిర్లక్ష్యం ఖరీదెంతో ఇప్పుడు మాట్లాడుకోవాలి.

సర్కారు బడిలో ఆటల సారు ఎట్లా వస్తాడో ముందు చూద్దాం. 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో మొత్తం 11,062 టీచర్ పోస్టులున్నాయి. అందులో పీఈటీ పేరు మీద ఉన్నవి 182. రాష్ట్రం మొత్తానికి ఇన్నే. ఆ సంఖ్య మీద చాలామంది ఆందోళన చేశారు, న్యాయమే. కానీ ఆ 182 మందిని ఎట్లా ఎంపిక చేశారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అభ్యర్థి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, ప్రశ్నకు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కుతాడు. కబడ్డీ కోర్టు కొలతలెన్ని, వాలీబాల్ నెట్ ఎత్తెంత, ఫలానా ఒలింపిక్స్ ఎక్కడ జరిగాయి లాంటివన్నీ తెలిసి ఉండవలసినవే, కాదనడం లేదు. కానీ ఆ పరీక్షలో బంతి లేదు, మైదానం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లలు లేరు.

ఇందులో ఒక వింత ఉంది. ఇదే అభ్యర్థి బీపీఈడీలో సీటు కోసం పీఈసెట్‌కు పోయినప్పుడు పరుగెత్తాడు, దూకాడు, గుండు విసిరాడు, ఒక ఆటలో తన నైపుణ్యం చూపించాడు. అంటే విద్యార్థిగా చేరడానికి మైదానంలో పరీక్ష, గురువుగా చేరడానికి కుర్చీలో పరీక్ష! కానిస్టేబుల్ కొలువుకు మగవాళ్లను 1600 మీటర్లు, ఆడవాళ్లను 800 మీటర్లు పరుగెత్తిస్తున్న రాష్ట్రం ఇది. పిల్లలకు పరుగు నేర్పే మనిషి పిల్లల ముందు ఎట్లా నిలబడతాడో ఒక్క పది నిమిషాలు కూడా చూడడం లేదు.

రాతపరీక్ష రాసి, ఏండ్ల తరబడి కోచింగ్ సెంటర్లలో అరిగిపోయి కొలువు తెచ్చుకున్న పీఈటీలను మేం తక్కువ చేయడం లేదు. వాళ్లలో తమ జీతంలోంచి పిల్లలకు బూట్లు కొనిచ్చేవాళ్లున్నారు, ఆదివారం కూడా గ్రౌండుకు వచ్చేవాళ్లున్నారు. మా తగాదా ఆ మనుషులతో కాదు, మంచివాణ్ణీ మొక్కుబడివాణ్ణీ ఒకే గాటన కట్టే పద్ధతితో.

ఈ మాట నిజామాబాద్ నుంచి మాట్లాడే హక్కు మనకుంది. ఈ జిల్లా పిల్లలు దేశానికి ఏమిచ్చారో ఒకసారి లెక్క చూడండి. నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో పెద్దల విభాగంలో ప్రపంచ చాంపియన్. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యాలు తెచ్చాడు. యెండల సౌందర్య భారత హాకీ జట్టుకు ఆడింది. గుగులోతు సౌమ్య 2025లో దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా అవార్డు అందుకుంది. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల వయసులో, ఎవరెస్ట్ ఎక్కింది. తెలంగాణ రాష్ట్రం రావడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు.

ఇంతమంది పుట్టిన గడ్డ అని చెప్పుకొని మురిసిపోవడం తేలిక. వాళ్లు ఎట్లా తయారయ్యారో చూడడం అవసరం. నిఖత్ తండ్రి జమీల్ అహ్మద్ తానే ఆటగాడు. సౌదీలో ఏండ్ల తరబడి పనిచేసి బిడ్డల చదువు కోసం, ఆటల కోసం తిరిగొచ్చిన మనిషి. బిడ్డను ముందు పరుగు పందేలకు తీసుకుపోయాడు, తర్వాత బాక్సింగ్ వైపు మళ్లించాడు. ఇదే ఊర్లో షంసాముద్దీన్ అనే కోచ్ ఉన్నాడు. ఆడపిల్లకు బాక్సింగేమిటని నలుగురూ నవ్వే రోజుల్లో ఆ పిల్లకు గ్లవ్స్ తొడిగి నేర్పిన మనిషి ఆయన. హుసాముద్దీన్ ఆయన కొడుకే. అక్కడి నుంచి నిఖత్ విశాఖపట్నం సాయ్ కేంద్రానికి పోయి, ద్రోణాచార్య అవార్డు అందుకున్న ఐ. వెంకటేశ్వర్‌రావు దగ్గర సానబట్టుకుంది.

అంటే ఏమైంది? ఆటను ఎరిగిన తండ్రి తన బిడ్డకు కోచ్‌ను తానే ఎంపిక చేశాడు. మనిషిని చూశాడు, పనిని చూశాడు, నమ్మి అప్పగించాడు. ఆ ఎంపిక సరైనది కాబట్టే మిగతా కథ నడిచింది.

మరి ఆటను ఎరిగిన తండ్రి లేని పిల్లల సంగతేమిటి?

బోధన్ వైపు పోదాం. షక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో ప్రైవేటుకు అప్పగించారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. 2024లో తెరిపించడానికి కమిటీ వేశారు. ఆ చిమ్నీ కింద బతికిన కుటుంబాల్లో, చెరుకు పోయి వరికి మళ్లిన ఊర్లలో, ఇవ్వాళ తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి పొద్దంతా బీడీలు చుడుతుంది. ఎడపల్లిలోనో, కోటగిరిలోనో, వర్నిలోనో బడి వదిలిన తర్వాత ఆ పిల్లగాడికి సాయంత్రం పూట కనిపించే పెద్దమనిషి ఎవరు? ఉంటే గింటే, గ్రౌండులో విజిల్ పట్టుకున్న ఆటల సారే. ఆ పిల్లగాడు సిగరెట్ దిక్కు పోతాడా, బంతి దిక్కు వస్తాడా అన్నది చాలాసార్లు ఆ ఒక్క మనిషిని బట్టి తేలుతుంది. పతకం తర్వాతి మాట.

తల్లిదండ్రులు ఆ ఎంపిక చేయలేని చోట, వాళ్ల తరఫున బడి చేయాలి. జమీల్ అహ్మద్ తన బిడ్డకు చేసిన పని బోధన్ బీడీ కార్మికురాలి బిడ్డకు ఎవరు చేస్తారు? మా వాదమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన జనం మనం. ఈ కొలువు ఎవరికి దక్కాలి అన్న ప్రశ్న మీద తరాలు కొట్లాడాయి. ముల్కీ నుంచి 1985 నాటి 610 జీవో దాకా అదే గోస. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో స్థానికులకు 95 శాతం కోటా వచ్చింది. మంచిదే, అది కొట్లాడి తెచ్చుకున్నది. కానీ కొలువు మనవాడికి దక్కిందా అన్న దగ్గరే ఆగిపోతే సగం పనే అయినట్టు. మనవాడు మన పిల్లలకు ఏమిస్తున్నాడు అన్నది మిగతా సగం. నియామకమంటే నిరుద్యోగికి జీతం మాత్రమే కాదు, పిల్లకు గురువు కూడా.

ఇక్కడ మా పాఠకుల్లో చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ముఖ్యంగా ఉద్యోగార్థులకు. ‘‘ఇంటర్వ్యూ అంటే పైరవీయే గదా. రాతపరీక్షలో ఐతే మార్కులు మార్కులే. ఇంటర్వ్యూ పెడితే ఎవని మామ ఎమ్మెల్యే ఐతే వానికే కొలువు’’ అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే 2022లో రాష్ట్ర మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2 కొలువులకు ఇంటర్వ్యూలే తీసేసింది. నాలుగు గోడల మధ్య ముగ్గురు కూర్చొని ‘‘మీ గురించి చెప్పండి’’ అని అడిగి, పెన్సిల్‌తో మార్కులేసే ఇంటర్వ్యూ మాకూ వద్దు.

మేం అడుగుతున్నది మైదానంలో జరిగే ఎంపిక. పోలీసు నియామకాల్లో అభ్యర్థికి చిప్ కట్టి పరుగు సమయం లెక్కిస్తున్నారు. అక్కడ మామ పరుగెత్తడు, అభ్యర్థే పరుగెత్తాలి. పది మంది చూస్తుండగా జరిగే పరీక్షలో పైరవీకి జాగా తక్కువ. రాతపరీక్షను తీసేయమనడం లేదు. దాన్ని గడపగా ఉంచండి. గడప దాటినవాళ్లను పిల్లల ముందు నిలబెట్టండి, వీడియో తీయండి. మార్కుల పట్టీ ముందే ప్రకటించండి. ఫలితం అదే సాయంత్రం నోటీసు బోర్డు మీద పెట్టండి. డీఎస్సీలో ఈ మార్పు రావాలంటే సర్కారు కదలాలి. కానీ గురుకులాల్లో, అవుట్‌సోర్సింగ్ కోచ్‌ల విషయంలో, దాతల సాయంతో పెట్టుకునే చోట, ప్రైవేటు బళ్లలో ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.

ఎట్లా చూడాలి? మాకు తోచిన పద్ధతి ఇది.

అభ్యర్థికి ముఖపరిచయం లేని పదిహేను మంది పిల్లల్ని, రెండు బంతుల్ని, ఇరవై నిమిషాల సమయాన్ని ఇవ్వండి. పిల్లల్లో బాగా ఆడేవాళ్లు ఐదుగురు, ఓ మోస్తరువాళ్లు ఐదుగురు, బంతి అంటే భయపడేవాళ్లు ఐదుగురు ఉండాలి. సగం మంది ఆడపిల్లలై ఉండాలి. ఇక పక్కన నిలబడి చూడండి. ఆడించే ముందు ఒళ్లు వేడెక్కించాడా? ఎంతమంది కాలికి బంతి తగిలింది, ఎంతమంది లైనులో నిలబడి దిక్కులు చూశారు? భయపడే పిల్లతో ఎట్లా మాట్లాడాడు? తప్పు చేసినవాణ్ణి నవ్వులపాలు చేశాడా, దగ్గరికి పిలిచి చూపించాడా? మన ఎండల్లో మధ్యలో నీళ్లు తాగనిచ్చాడా? ఇరవై నిమిషాలు అయిన తర్వాత పిల్లల్నే అడగండి, ‘‘ఈ సారు మళ్లీ రావాల్నా?’’ అని. పిల్లలు అబద్ధం చెప్పడం తక్కువ.

తర్వాత కూర్చోబెట్టి ఒక నాలుగు ప్రశ్నలు అడగండి. అందరికీ అవే ప్రశ్నలు. ఎనిమిదో తరగతిలో బాగా ఆడే పిల్ల హఠాత్తుగా గ్రౌండుకు రావడం మానేసింది, ఏం చేస్తావు? జట్టులో ఒక్క జాగా మిగిలింది, ఒక దిక్కు సర్పంచి కొడుకు, ఇంకో దిక్కు అంతకంటే బాగా ఆడే కూలీ కొడుకు, ఎట్లా తేలుస్తావు? రేపు జోనల్ మ్యాచ్, ఇవ్వాళ నీ ఉత్తమ ఆటగాడు మోకాలు నొప్పి అంటున్నాడు, ఆడిస్తావా? పొద్దున పిల్లలు ఖాళీ కడుపుతో వస్తున్నారు, ప్రాక్టీసు ఎట్లా పెడతావు?

ఈ ప్రశ్నలకు గైడ్ పుస్తకాల్లో జవాబు దొరకదు. ‘‘పేరెంట్స్‌తో మాట్లాడతా’’ అని ఒక్క ముక్కలో తేల్చేవాడెవడో, ‘‘ముందు వాళ్లమ్మ దగ్గరికి పోత, బాత్‌రూం సౌలతు లేకనా, ఇంట్లో పెండ్లి మాట నడుస్తున్నదా కనుక్కుంట’’ అని చెప్పేవాడెవడో వినగానే తెలిసిపోతుంది. ఆ తేడాయే కోచ్‌కూ విజిల్ ఊదేవాడికీ ఉన్న తేడా.

సర్టిఫికెట్ల విషయంలోనూ జర తెలివి కావాలి. బీపీఈడీ చదివినవాడు వ్యాయామ ఉపాధ్యాయుడు. బడి పిల్లలందరి ఒంటికీ కసరత్తు నేర్పడం ఆయన చదువు. 1961లో మొదలైన పాటియాలా ఎన్ఐఎస్‌లో డిప్లొమా చేసినవాడు ఒక్క ఆటకు కోచ్. రెండూ వేరు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు మరీ వేరు. పైకి ఎదిగిన హాకీ జట్టుకు కోచ్ కావాలా, ఆరో తరగతి పిల్లలకు ఆట రుచి చూపించే సారు కావాలా అన్నది బడి ముందే తేల్చుకోవాలి. పేరున్న ఆటగాడు కదా అని తీసుకుంటే నేర్పడం వచ్చని నమ్మకమేమీ లేదు. బాగా పాడేవాళ్లంతా సంగీతం మాస్టర్లు కాలేరు.

ఇక ఆడపిల్లల భద్రత. ఇది మొహమాటపడే విషయం కాదు. 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన రెజ్లర్లు లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. ఒలింపిక్ పతకం మెడలో ఉన్నవాళ్లకే తమ మాట వినిపించడానికి రోడ్డు దిక్కయితే, రుద్రూర్‌లోనో రెంజల్‌లోనో తొమ్మిదో తరగతి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? అందుకే ఎంపిక బృందంలో కనీసం సగం మంది ఆడవాళ్లుండాలి. అభ్యర్థి ఇంతకు ముందు పనిచేసిన చోటికి ఫోన్ చేసి ఎందుకు మానేశాడో కనుక్కోవాలి. పోలీసు వెరిఫికేషన్ లేకుండా విజిల్ ఇవ్వకూడదు. ఊరు దాటి పోయే ప్రతి జట్టు వెంట, ఆడపిల్లలుంటే, ఒక మహిళా టీచరో తల్లో ఉండాలి. పిల్లల మీద లైంగిక నేరం తెలిసీ దాచిపెడితే 2012 పోక్సో చట్టం ప్రకారం దాచినవాళ్లదీ నేరమే అని ప్రతి హెడ్మాస్టరుకూ తెలిసి ఉండాలి. మంచి కోచ్ ఎవరూ ఈ షరతులకు నొచ్చుకోరు.

ఎంపికతో పని అయిపోదు. ఎంపిక చేసినవాణ్ణి నిలబెట్టుకోవాలి. ఇక్కడ మనకు హైదరాబాద్ పాఠం ఒకటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టుకతో కోచ్ కాదు, బడి పంతులు. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసిన మనిషి. ఆయన చేతి కింద భారత ఫుట్‌బాల్ జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన రోజులవి. ఆ ఓటమికి రహీంను ఇంటికి పంపి ఉంటే కథ అక్కడే ముగిసేది. పంపలేదు. జట్టు బూట్లు తొడుక్కుంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో మళ్లీ ఆసియా స్వర్ణం తెచ్చింది. అంత ఓటమి తర్వాత కూడా గురువుకు టైమిచ్చారు, అందుకే ఫలితం వచ్చింది. మరి మనమేం చేస్తున్నాం? పది నెలలకు కాంట్రాక్టు, ఎండాకాలం జీతం బందు, ఒక్క జోనల్ టోర్నీ ఓడితే ‘‘ఈ సారు పనికిరాడు’’ అన్న మాట. ఇట్లా ఐతే ఎంత మంచివాణ్ణి ఏరి తెచ్చినా నిలవడు.

చట్టం కూడా ఇక్కడ చేతులు దులుపుకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలన్నది. కానీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడుంటే చాలన్నది. వంద లోపుంటే అదీ లేదు. ఇది కనీసమే తప్ప గీత కాదు. అంతకు మించి ఇవ్వడానికి ఏ రాష్ట్రానికీ అడ్డులేదు. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రానికి అసలే ఉండకూడదు.

సర్కారుతో కాదు అనేవాళ్లకు పూర్ణ కథే జవాబు. ఆమె చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. వ్యవసాయ కూలీల బిడ్డ. భువనగిరి గుట్ట మీద పిల్లల్ని ఎక్కించి చూసి ఏరుకున్నారు. పర్వతారోహణ తెలిసిన శేఖర్‌బాబు చేతికి అప్పగించారు. అది కార్పొరేట్ అకాడమీ కాదు, సర్కారు హాస్టలే. అక్కడ జరిగింది ఒక్కటే. పిల్లనూ పని మీదే చూశారు, నేర్పేవాణ్ణీ పని మీదే చూశారు.

కాబట్టి మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. డీఎస్సీ పీఈటీ ఎంపికలో రాతపరీక్ష తర్వాత పిల్లలతో మైదాన పరీక్ష పెట్టాలి, వీడియో తీయాలి, మార్కులు బయట పెట్టాలి. గురుకులాల్లో, బళ్లలో తాత్కాలిక కోచ్‌లను ఏజెన్సీ పంపిన పేరుతో కాకుండా బహిరంగ ఎంపికతో తీసుకోవాలి. ఆ బృందంలో తల్లులుండాలి. ఎంపికైన కోచ్‌కు కనీసం మూడేండ్లు టైమివ్వాలి, పన్నెండు నెలలూ జీతమివ్వాలి. ఖాళీలు ఎన్నున్నాయో జిల్లాల వారీగా ప్రకటించి నింపాలి.

ఉద్యోగ సంఘాల మిత్రులకు ఒక మాట. ఈ డిమాండు మీకు వ్యతిరేకం కాదు. పని తెలిసిన పీఈటీకి ఇవ్వాళ బడిలో దక్కుతున్న గౌరవమేమిటో మీకే తెలుసు. వంటగది లెక్కలకూ, పరీక్షల డ్యూటీకీ పిలవడానికి చేతికింద మనిషి. పని చూపించి వచ్చినవాణ్ణి ఎవరూ అట్లా వాడుకోలేరు. విద్యార్థి మిత్రులకు ఇంకో మాట. బీపీఈడీ చదువుతున్నవాళ్లు గైడ్ పుస్తకంతో పాటు రోజుకో గంట మీ ఊరి బడి పిల్లలతో గడపండి. రేపటి పరీక్ష ఎట్లున్నా మీ పని అక్కడే ఉంది.

ఇక తల్లిదండ్రులకు. వచ్చే బడి కమిటీ సమావేశంలో మధ్యాహ్న భోజనం గురించి అడుగుతారు, మూత్రశాలల గురించి అడుగుతారు, అడగాలి కూడా. ఈసారి ఇంకొక్క ప్రశ్న కలపండి. ‘‘మా పిల్లల్ని ఆడించే సారు ఎవరు, ఆయన్ను ఎవరు చూసి పెట్టిండ్రు?’’ జవాబు రాకపోతే మరుసటి సమావేశంలో మళ్లీ అడగండి. అడిగిన ఊర్లకే కాలువలు వచ్చాయి. అడిగిన బళ్లకే గురువులు వస్తారు.